రోడ్డవతల వెలిగిన బ్రేక్ లైట్లు

హలో, హలో! లైన్లో ఉన్నారా అందరూ? టీలు తాగడం అయ్యిందా? పనిలో ఉంటే చేతులు పనిలోనే ఉంచండి, కన్ను ఒక్కటి ఇటు పడెయ్యండి చాలు. పోయినసారి కారు బ్యాటరీల గురించి నేను పెట్టిన వాయిస్ మెసేజీ మరీ సాగిందని తిట్టారుగా, అందుకే ఈసారి రాస్తున్నాను. నాకు చదువు అంతంతమాత్రం. అక్షరాలు అటూ ఇటూ అయితే మీరే సర్దుకుని చదువుకోండి. చెప్పబోయేది ఒక్క ఎండాకాలం సంగతి. ఆ ఎండాకాలంలో మా ఆవిడ నా షెడ్డులో కారు సీట్లోంచి లేచి, రోడ్డవతల వాళ్ళ కారు సీట్లో కూర్చుంది. అంతే కథ. ఆ "అంతే" నన్ను ఎన్ని తిప్పలు పెట్టిందో వినండి.

నాది కార్లకి పాటల సిస్టమ్ బిగించే షెడ్డు. రేకుల కప్పు, రెండు కార్లు పట్టే చోటు, వెనకే ఇల్లు. తలుపుల్లో స్పీకర్లు, అద్దం పక్కన సన్నటి శబ్దాలు పలికే చిన్న ట్వీటర్లు, డిక్కీలో శబ్దానికి బలం ఇచ్చే ఆంప్లిఫయరు, దాని పక్కన లోతు శబ్దాల బేస్ కోసం పెద్ద డబ్బా. బిగించడం చెయ్యి తిరిగిన ఎవడైనా చేస్తాడు. అన్నిటినీ కలిపి ఒక పాటగా పలికించడం ఉంది చూశారూ, అదీ అసలు పని. ఒక్క స్పీకరు వైర్లు తిరగేసి కలిపామంటే చాలు. అన్నీ మోగుతూనే ఉంటాయి గానీ బేస్ ఎక్కడికో పారిపోతుంది. పాడే మనిషి ఎదురుగా నిలబడి పాడకుండా, ఇల్లు మర్చిపోయినవాళ్ళలా కారంతా తిరుగుతూ ఉంటుంది.

ఆ ట్యూనింగ్ మేమిద్దరం కలిసి చేసేవాళ్ళం. మా ఆవిడ డ్రైవర్ సీట్లో కూర్చుని అద్దాలన్నీ ఎత్తేస్తుంది. నేను డిక్కీ ఎత్తి, చిన్న స్క్రూడ్రైవరు పట్టుకుని ఆంప్లిఫయరు దగ్గర నిలబడతాను. లోపల పాట మోగుతుంటే నా కేక ఆవిడకి వినపడదు, ఆవిడ కేక నాకు వినపడదు. అందుకని ఆవిడ బ్రేక్ తొక్కేది. వెనక లైటు ఒకసారి వెలిగితే పెంచమని. రెండుసార్లు వెలిగితే తగ్గించమని. తొక్కి అలాగే పట్టుకుందంటే, చాలు, ఇక చెయ్యి తియ్యమని. పెళ్ళయిన కొత్తలో పుట్టిన భాష అది. ఇంట్లో దెబ్బలాడుకుని మూతులు ముడుచుకున్న రోజుల్లో కూడా ఆ లైట్లతో మాట్లాడుకున్నాం.

ఆవిడకో పాట ఉంది. పాతది. ఒక ఆడమనిషి గొంతు, తోడు ఒక్క ఫ్లూటు, అంతే. పల్లవి అయ్యాక చరణం ఎత్తుకునే ముందు ఆ పాడే ఆవిడ ఊపిరి పీలుస్తుంది. సన్నగా, దారం తెగినంత చప్పుడు. ఆ ఊపిరి వినపడితేనే మా ఆవిడ కారు దిగేది. దిగి, నా వైపు చూసి, "పర్లేదు" అనేది. చివర్లో నేను కూడా ఒకసారి కూర్చుని విని, తల ఊపేవాణ్ణి. ఇన్నేళ్ళలో ఆవిడ నోటి నుంచి "బాగుంది" అన్న మాట నేను వినలేదు. వినకపోయినా బెంగలేదు. ఆ పర్లేదు అనేది నా ఒక్కడితోనే కదా.

రోడ్డవతల పాత టైర్ల కొట్టు ఉండేది. ఎండలు ముదిరే వేళకి దాన్ని పడగొట్టి, గోడలన్నీ అద్దాలతో, మాలాగే కార్లకి పాటల సిస్టమ్ బిగించే షాపు లేపారు. లోపల ఏసీ, తెల్లటి నేల. కారు టైర్లు కడిగితే గానీ లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. దాని యజమాని నాకంటే కొంచెం చిన్నవాడు. ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన మాట, చంకలో లాప్‌టాప్. సీటు మీద, మనిషి తలకాయ ఉండే ఎత్తులో ఒక మైకు నిలబెట్టి, కార్లో జుయ్యిమని ఒక శబ్దం వదిలి, తెర మీద గీతలు చూసుకునేవాడు. మేము ఆయన్ని గ్లాసాయన అనేవాళ్ళం.

మేము అంటే నేనూ, పక్క షెడ్డు డెంటింగ్ మేస్త్రీ. సొట్టలు పడ్డ కార్లని కొట్టి సాపు చేస్తాడు. చేతిలో సుత్తి మొదలుపెడితే ఆపడు, నోట్లో మాట మొదలుపెట్టినా ఆపడు. రోడ్డంతా ఆయన్ని సుత్తి మేస్త్రి అనే పిలుస్తుంది.

"అన్నా, చూశావా? కారుకి ఈసీజీ తీస్తున్నాడు," అన్నాడు సుత్తి మేస్త్రి, రోడ్డవతలకి గడ్డం చూపించి.

"తియ్యనీ. రోగం చెప్పడానికి డాక్టరు కావాలిగా."

"డాక్టరు కూడా వచ్చిందిలే. నీ దగ్గరికొచ్చే కళ్ళ డాక్టరమ్మ నిన్న అక్కడ కారాపి లోపలికి తొంగి చూసింది."

"తొంగి చూస్తే ఏంటి? కళ్ళ డాక్టరు కదా, చూడటమే ఆవిడ పని."

నవ్వాను గానీ, రోడ్డవతలకి ఇంకోసారి చూశాను.

తర్వాత గ్లాసాయన తనే రోడ్డు దాటి వచ్చాడు. "నమస్తే అన్నా. ముందే వచ్చి పలకరించాల్సింది, కుదరలేదు," అన్నాడు. మంచి మాటే. తర్వాతి మాటే బాగాలేదు. "మేడమ్ గారి చెవి గురించి చాలామంది చెప్పారు. నా గీతలన్నీ సరిగ్గానే వస్తున్నాయి అన్నా, పాట మాత్రం రావట్లేదు. మేడమ్ గారు ఒకసారి వచ్చి కూర్చుని, ఏం వినపడుతోందో చెబితే..."

మా ఆవిడ కుదరదంటుందని చూస్తున్నాను. ఆవిడ నూనె చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, "ఎప్పుడు రమ్మంటారు?" అంది.

పక్క షెడ్డులో సుత్తి చప్పుడు ఆగిపోయింది. ఆ చప్పుడు ఆగడం మా రోడ్డులో పెద్ద వార్త.

మధ్యాహ్నం అన్నాలయ్యాక, మాకు పని పల్చగా ఉండే వేళ వెళ్ళి వచ్చేది. ఇరుగుపొరుగు సాయం కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆవిడ వచ్చి చెప్పే కబుర్లు మాత్రం ఒంటికి పడేవి కావు. గ్లాసాయన సీటుని ఇలా జరిపాడట, గ్లాసాయన కుడి స్పీకరు శబ్దాన్ని కాస్త ఆలస్యంగా వదిలితే రెండు వైపుల నుంచీ ఒకేసారి చెవికి చేరిందట. "మనకి దగ్గరగా ఉన్న స్పీకరు ముందొచ్చేస్తుంది కదండీ, దాన్ని కాస్త ఆగమంటాడన్నమాట," అని కళ్ళు పెద్దవి చేసి చెప్పేది. ఆ కళ్ళు నేను చూసి చాలా కాలమైంది.

ఒకరోజు ఒక కారుకి వైరు ఎర్త్ చేస్తున్నాను. ఎర్త్ వైరు రంగు మీద బిగిస్తే కుదరదు, రంగంతా గీకి వట్టి ఇనుము తగలాలి. గీకుతూ ఎందుకో తలెత్తాను. రోడ్డవతల అద్దాల వెనక, కస్టమర్లకి వినిపించడానికి ఉంచిన వాళ్ళ షో కారు వీపు మా వైపు తిప్పి ఉంది. డిక్కీ తెరిచి ఉంది. గ్లాసాయన వంగి ఉన్నాడు. వెనక లైటు ఒకసారి వెలిగింది. ఆయన చెయ్యి కదిలింది. రెండుసార్లు వెలిగింది. మళ్ళీ కదిలింది. తర్వాత లైటు వెలిగి అలాగే ఉండిపోయింది. ఆయన నడుము ఎత్తి, డిక్కీ మీదుగా లోపలికి చూసి నవ్వాడు.

నా చేతిలో గీకుడు ముక్క జారి, కస్టమరు కారు రంగు మీద ఇంత పొడుగు గీత పడింది.

"వదిన అక్కడ కూడా బ్రేకు తొక్కుతోందే!" అన్నాడు సుత్తి మేస్త్రి.

"కాలు నొప్పేమో."

"కాలు నొప్పయితే ఆగి ఆగి, లెక్కగా తొక్కుతారా అన్నా?" అని నా మొహం చూసి గొంతు తగ్గించాడు. "సరేలే, ఈ గీత నేను మాయం చేస్తా. అవతలి గీత నావల్ల కాదు."

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని అడిగాను. "మన లైట్ల సంగతి వాళ్ళకి చెప్పావా?"

"చెప్పకపోతే డిక్కీ దగ్గరున్న మనిషికి ఎలా తెలుస్తుంది?"

"లాప్‌టాప్ ఉందిగా."

"లాప్‌టాప్‌ని తొక్కమంటారా?" అని నవ్వి, కూర వడ్డిస్తూ అంది, "ఇవాళ ఆ షో కార్లో ఊపిరి ఎంత చక్కగా వినపడిందో! పక్క సీట్లో కూర్చుని పీల్చినట్టే. బాగుంది."

బాగుంది! కూర సంగతేమో అని ఒక్క క్షణం ఆశపడ్డాను. కూర అప్పటికి ఆవిడ ఇంకా రుచి చూడనే లేదు.

అప్పట్నుంచి చేతులు పనిలో ఉన్నా కళ్ళు రోడ్డవతలే ఉండేవి. అనుమానమా అంటే అలాంటి అనుమానం కాదు, మా ఆవిడ సంగతి నాకు తెలుసు. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నా నాకు అంత మండేది కాదేమో. కాలు పట్టుకున్నాడు. ఆ బ్రేకు మీది కాలు నాది. రేపు ఆవిడ ఆ సీట్లోనే కూర్చుండిపోతే నా వెనక లైట్లు ఎవరు వెలిగిస్తారు? ఈ ప్రశ్న నన్ను పట్టుకుని వదల్లేదు. ఎండ ఒక పక్క, ఇదొక పక్క.

అలాంటి రోజుల్లో కళ్ళ డాక్టరమ్మ కారు ఇచ్చింది. రెండు చోట్ల ఆసుపత్రులు చూసుకుంటూ రోజూ దూరం తిరిగే మనిషి. "నాకు గొడవ వద్దండీ. నెమ్మదిగా పెట్టుకున్నా మాట స్పష్టంగా వినపడాలి. అంతే," అంది.

ఆవిడ అడిగినదానికి చిన్న ఆంప్లిఫయరు చాలు. మా పనిలో మొదటి పాఠం అది. ఆంప్లిఫయరు డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే వాట్ల అంకె బడాయి మనిషి చెప్పే ఆస్తి లాంటిది. కింద చిన్నక్షరాల్లో, అది ఆగకుండా ఇవ్వగలిగింది ఎంతో రాసి ఉంటుంది. దాన్నీ, స్పీకరు మొయ్యగలిగినదాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. అది తెలిసిన నేను ఏం చేశాను? గ్లాసాయన షాపు ముందు అద్దంలో వెండిరంగు ఆంప్లిఫయరు ఒకటి దర్జాగా కూర్చుని ఉంటుంది. దానికంటే పెద్దది తెప్పించాను.

మా ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగింది. "ఈ తలుపు స్పీకర్లు తినేదెంత, మీరు పెట్టేదెంత? పసిపిల్లకి గంగాళంతో పాలు పడతారా?"

"పెద్దది ఉంటే నెమ్మదిగా వాడుకోవచ్చు."

"నెమ్మదిగా పాడించాలంటే పాటని అడుక్కి దించాలి. అప్పుడు దీని బుస పైకొస్తుంది. పాట లేనప్పుడల్లా పాములా బుస కొడుతూ ఉంటుంది."

"గ్లాసాయన చెప్పాడా?"

"మీరే చెప్పారు. పెళ్ళయిన ఏడాది."

జవాబు లేనప్పుడు మగవాడు చేసే పనే చేశాను. గొంతు పెంచాను. "ఈ కారు నేనొక్కణ్ణే చేసుకుంటాను."

"కూర్చోనా, వద్దా?"

"వద్దు. నీకక్కడ టైమవుతుందిగా."

ఆగుతుందనుకుని అన్న మాట అది. ఆగలేదు. రోడ్డుకి అటూ ఇటూ చూసి, దాటి వెళ్ళిపోయింది.

నేను ఒక్కణ్ణే సీట్లో కూర్చోవడం, వినడం, దిగి డిక్కీ దగ్గరికి పరిగెత్తడం, ఒక పిసరు తిప్పడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం. చొక్కా పిండితే బకెట్టు నిండేది. గొంతు మందంగా ఉందనిపించింది, ట్వీటర్లు పెంచాను. ఇంకా మందంగానే ఉంది, ఇంకాస్త పెంచాను. చివరికి గాజుముక్కలా తేటగా అయ్యింది. తల ఊపుకున్నాను. డాక్టరమ్మ వచ్చి కారు తీసుకెళ్ళింది.

గెలిచినట్టే ఉంది, అయినా నిద్ర పట్టడం లేదు. అసలు ఆ షో కార్లో ఏముందో విందామని, ఫ్యూజు కావాలన్న వంక పెట్టుకుని రోడ్డు దాటాను. గ్లాసాయన ఎదురొచ్చి మరీ కూర్చోబెట్టాడు. "కూర్చోండి అన్నా! మీరు వింటే నాకు ధైర్యం." ఆయనే పాట పెట్టాడు. మా ఆవిడ పాటే. అది కూడా ఇచ్చేసిందన్నమాట.

పల్లవి అయ్యింది. ఫ్లూటు వచ్చింది. ఊపిరి బిగపట్టి ఎదురు చూశాను. చరణం మొదలైపోయింది. మధ్యలో ఏమీ లేదు. "ఇంకోసారి పెట్టండి," అన్నాను. పెట్టాడు. పల్లవి, ఫ్లూటు, చరణం. ఊపిరి లేదు.

"ఎలా ఉందన్నా?"

"పర్లేదు," అన్నాను. మా ఆవిడ మాటే నోట్లోకి వచ్చింది.

రోడ్డు దాటి వస్తుంటే ఒక కాలు గాల్లో ఉంది, ఇంకో కాలు నిప్పుల మీద ఉంది. ఆయన పని డొల్ల అని తేలినందుకు సంతోషం. లేని ఊపిరి ఉందని మా ఆవిడ ఎవరి కోసం చెప్పిందన్న మంట. ఇన్నేళ్ళు నాతో ఒక్కసారి కూడా మొహమాటానికి మంచి మాట అనని మనిషి, ఆయన మొహం వెలగడానికి అబద్ధం చెప్పింది! అది గొంతులో ముల్లులా పెట్టుకునే కొన్నాళ్ళు తిరిగాను.

ఒక పొద్దున డాక్టరమ్మ కారు మళ్ళీ వచ్చింది. ఆవిడ దిగి, ఇబ్బందిగా నవ్వింది. "ఏమీ అనుకోకండి. దీన్ని పెట్టుకుంటే తలనొప్పి వస్తోంది. పాటలో 'స' వచ్చినప్పుడల్లా చెవిలో సూది గుచ్చినట్టుంది. ఆపినా ఏదో బుస. ఎదురు షాపుకి వెళ్ళమని అందరూ చెప్పారు. ముందు మిమ్మల్ని అడగడం ధర్మం అనిపించింది."

"వదిలి వెళ్ళండమ్మా, చూస్తాను," అన్నాను.

ఆవిడ ఆటోలో వెళ్ళిపోయాక సీట్లో కూర్చుని విన్నాను. నాకు చక్కగానే ఉంది. సూదీ లేదు, బుసా లేదు. ఇదంతా రోడ్డవతల నుంచి ఎవరో ఎక్కించిన మాటే అనుకున్నాను. అప్పుడే మా ఆవిడ ఇంట్లోంచి టీ పట్టుకుని వచ్చింది. ముల్లు బయటికి వచ్చేసింది.

"ఆ షో కార్లో ఊపిరి ఉందన్నావు. వెళ్ళి విన్నాను. లేదు. ఎందుకు చెప్పావు లేనిది? ఆయన చిన్నబుచ్చుకుంటాడనా?"

ఆవిడ టీ గ్లాసు కారు మీద పెట్టింది. "మీరు వెళ్ళి విన్నారా?"

"రెండుసార్లు."

"వినపడలేదా?"

"ఉంటే కదా వినపడడానికి!"

ఆవిడ నా మొహం వైపు చూసింది. దెబ్బలాటకి వచ్చే చూపు కాదు. అటువైపు తిరిగి వచ్చి, పక్క సీట్లో కూర్చుని తలుపు వేసింది. అద్దాలు ఎత్తింది. తన పాట పెట్టింది. లోపల ఉడికిపోతోంది. పల్లవి అయ్యింది, ఫ్లూటు వచ్చింది. ఆవిడ వేలు పైకి లేచింది.

"ఇదిగో."

"ఏదీ?"

మళ్ళీ వెనక్కి తిప్పింది. మళ్ళీ వేలు లేచింది. నాకు ఆ వేలు ఒక్కటే కనపడింది.

అద్దం దించి, "అన్నయ్యా, ఒకసారి ఇలా రండి," అని సుత్తి మేస్త్రిని పిలిచింది. ఆయన చెమట తుడుచుకుంటూ వచ్చి వెనక సీట్లో కూలబడ్డాడు. "ఏంటి వదినా, నాకు కూడా షాపు నుంచి పిలుపొచ్చిందా?" అన్నాడు. ఆవిడ పాట పెట్టింది.

"అబ్బ!" అన్నాడు. "ఏంటీ ఈవిడకి ఆయాసమా? మధ్యలో అంత గట్టిగా ఊపిరి లాగింది. పైగా పామేదో దూరినట్టుంది ఇందులో, బుస్సుమంటోంది."

రోజంతా రేకు మీద సుత్తి మోత వినే మనిషి. ఆయన మా ఇద్దరి మొహాలూ చూశాడు. ఇంకో మాట అనకుండా దిగి, తలుపు మెల్లగా వేసి వెళ్ళిపోయాడు. ఆయన మెల్లగా ఏదైనా చెయ్యడం నేను అదే మొదటిసారి చూడటం.

మా ఆవిడ పాట ఆపేసింది.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"పోయిన ఎండాకాలం కంటే ముందు నుంచే. మీరు ట్వీటర్లు పెంచుకుంటూ పోయేవాళ్ళు. నేను రెండుసార్లు తొక్కుతూ ఉండేదాన్ని."

"చెప్పలేదేం?"

"చివర్లో మీరు కూర్చుని తల ఊపుతారు కదా," అంది. "ఆ తల చూశాక ఎలా చెప్పను? టీ చల్లారిపోతోంది, దిగండి."

దిగలేదు. అడగాల్సింది ఇంకొకటి ఉంది. "మరి అక్కడికి ఎందుకు వెళ్తున్నావు?"

డాష్‌బోర్డు మీద దుమ్ము వేలితో తుడిచింది. "ఆయన అడుగుతాడండీ. ఏం వినపడింది, ఎక్కడ వినపడింది అని. నేను చెప్పింది ఆ గీతల్లో ఎక్కడుందో చూపిస్తాడు. ఇన్నేళ్ళూ నాకు తెలిసింది నా కాలికే తెలుసు, నోటికి తెలీదు." ఆగి అంది, "రోజంతా రమ్మంటున్నాడు. ఇంకా ఏమీ చెప్పలేదు నేను."

చూశారా, నేను భయపడింది అదే. ఆ మాట ఆవిడ నోట వినేసరికి కోపం రావాలి. రాలేదు. నా చెవి వెళ్ళిపోయిందన్న మాట ఇంకా పూర్తిగా లోపలికి దిగలేదు, దాని మీద ఇది. కుళ్ళు పెట్టుకోవడానికి కూడా కాస్త బలం ఉండాలండీ.

"వెళ్తావా?"

"ముందు ఈ గంగాళం విప్పండి," అంది.

విప్పాను. చిన్న ఆంప్లిఫయరు బిగించాను. ఆవిడ కూర్చుంది, నేను వెనక నిలబడ్డాను, లైటు రెండేసిసార్లు వెలుగుతూనే ఉంది, నేను తగ్గిస్తూనే ఉన్నాను. సాయంత్రం డాక్టరమ్మ వచ్చి విని, కళ్ళు మూసుకుని, "ఆఁ, ఇదీ," అంది. దేని గురించీ ఏమీ అడగలేదు. అది ఆవిడ పెద్దతనం.

మర్నాడు పొద్దున్నే రోడ్డు దాటాను. ఈసారి ఫ్యూజు వంక పెట్టలేదు. గ్లాసాయనతో సూటిగా చెప్పాను. "నా చెవి ఎంతవరకు ఉందో మీ మిషనుతో చూడగలరా? ఆసుపత్రికి తర్వాత వెళ్తాను. ముందు పని తెలిసినవాళ్ళ దగ్గర తెలుసుకోవాలని ఉంది."

ఆయన నవ్వుతాడేమో అని చూశాను. నవ్వలేదు. షో కారు తలుపు తీశాడు. "అన్నా, నాకూ చూసుకోవాలని ఎప్పట్నుంచో ఉంది. భయమేసి చూసుకోలేదు," అన్నాడు.

మా ఆవిడ నా వెనకే వచ్చింది. తను డ్రైవర్ సీట్లో కూర్చుంది. నేను పక్కన. ఆయన లాప్‌టాప్‌తో వెనక కూర్చున్నాడు.

"ఒకటే శబ్దం వస్తుంది. సన్నబడుతూ పైకి పోతుంది. వినపడినంతసేపూ చెయ్యి ఎత్తి ఉంచండి. పోయాక దించెయ్యండి."

ముగ్గురం చేతులెత్తాం. మొదట ఈల లాంటిది వచ్చింది. సన్నబడింది. ఇంకా సన్నబడింది. సూది మొనంత అయ్యింది. తర్వాత ఏమీ లేదు. ఇంత త్వరగానా అని నాకే సిగ్గేసి, ఒక్క క్షణం చెయ్యి అలాగే ఉంచాను. తర్వాత దించేశాను.

అద్దంలో వెనక్కి చూశాను. గ్లాసాయన చెయ్యి ఇంకా పైనే ఉంది. నన్ను దాటి వెళ్ళిపోయాడు కదా అని కుళ్ళుకున్నాను. అంతలోనే ఆయన చెయ్యి కూడా మెల్లగా కిందికి దిగింది.

మా ఆవిడ చెయ్యి దిగలేదు.

కళ్ళు మూసుకుంది. తల కొంచెం పక్కకి వంచింది. కార్లో మా ఇద్దరికీ నిశ్శబ్దమే. ఆవిడకి కాదు. మేమిద్దరం చెయ్యి పట్టుకున్నా రాలేని చోటికి ఏదో వెళ్తోంది, దాని వెనకే ఆవిడ ఒక్కతే నడుస్తోంది. మొహం మీద నవ్వు వచ్చింది. అది నాకు చూపించడానికి వచ్చిన నవ్వు కాదు, ఆయనకి చూపించడానికి వచ్చింది అంతకంటే కాదు.

"ఇంకా వస్తోందా మేడమ్?" అన్నాడు గ్లాసాయన నెమ్మదిగా.

"ష్," అంది.

అద్దంలో ఆయనా నేనూ ఒకరినొకరు చూసుకున్నాం. ఆ ఎండాకాలమంతా నేను పొద్దున్నే గడ్డం గీసుకుంటూ చూసుకున్న మొహం ఉంది చూశారూ, అచ్చం అదే మొహం ఆయన మెడ మీద ఉంది.

చాలాసేపటికి చెయ్యి దించింది. కళ్ళు తెరిచి, మేమిద్దరం అప్పుడే గుర్తొచ్చినట్టు చూసింది.

"రేపట్నుంచి పొద్దుపూట ఇక్కడ. మధ్యాహ్నం నుంచి మా షెడ్డులో," అంది గ్లాసాయనతో. "వైర్లు ఆయనవి, గీతలు మీవి. ట్వీటర్ల మీద మాత్రం నేను చెప్పేదాకా ఇద్దరూ చెయ్యి వెయ్యకండి."

"సరే మేడమ్," అన్నాడాయన.

"సరేనండీ," అన్నాను నేను. పెళ్ళాన్ని మొదటిసారి 'అండీ' అన్నాను. వెనక ఆయన నవ్వాపుకోలేకపోయాడు. కారు దిగి ఆవిడ నాకంటే ముందు రోడ్డు దాటింది. నేను వెనక నడిచాను.

అదండీ సంగతి. ఇదంతా రాసి మా ఆవిడకి చూపిస్తే, చదివి పంపమంది. ఇక మీ వంతు. మీ ఇంట్లో టీవీ సౌండు రోజురోజుకీ పెంచేస్తూ, మీరందరూ నోట్లో నోట్లో గొణుగుతున్నారని తిట్టే పెద్దమనిషి ఒకరు ఉండే ఉంటారు. ఈ కథ ముందు ఆయనకి పంపండి. ఆయన చదవనంటే పక్కన కూర్చుని మీరే చదివి వినిపించండి. కొంచెం గట్టిగా.